అరుగు లేని ఇళ్ళు

"స్పామ్" అన్న మాటకి తెలుగులో ఇంకా పేరు కుదరలేదు. చెత్త మెసేజీలు అంటారు కొందరు. అవాంఛిత సందేశాలు అంటారు ఇంకొందరు. రెండో పేరు నోటికి కాస్త బరువే కానీ, అందులో ఒక మంచి ప్రశ్న దాగి ఉంది. అవాంఛితం సరే, ఎవరికి అవాంఛితం? మనకి అక్కరలేదని తేల్చవలసింది మనమా, మన తరఫున ఇంకెవరోనా?

నేను కువైట్లో చాట్ సర్వర్లు చూసుకునే పని చేస్తాను. నా పనిలో సగం, మెసేజీలు చేరవలసిన చోటికి చేరేలా చూడటం. మిగతా సగం, కొన్ని మెసేజీలు చేరకుండా చూడటం. మొదటి సగంలో నాకెప్పుడూ ధర్మసందేహాలు రాలేదు. ఈ వ్యాసం రెండో సగం గురించి. ఒక మనిషి ఇంకో మనిషితో చెప్పదలుచుకున్న మాటని, ఇద్దరికీ ఏమీ కాని మూడోవాడు మధ్యలో ఆపవచ్చునా? ఆపవచ్చును అంటే, ఆపినట్టు చెప్పాలా, అక్కరలేదా?

మూడోవాడు అవసరమే లేదని మాత్రం అనలేం. స్పామ్ చరిత్ర కంప్యూటర్ నెట్‌వర్కుల చరిత్రంత పాతది. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్ అనే ఆయన, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని ఆర్పానెట్లో సుమారు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. తిట్లూ పడ్డాయి, అమ్మకాలూ జరిగాయి. 1994 ఏప్రిల్లో ఆరిజోనాకి చెందిన ఇద్దరు లాయర్లు అమెరికా గ్రీన్ కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టిస్తామంటూ యూజ్‌నెట్లో వేల చర్చావేదికల్లో ఒకే ప్రకటన గుప్పించారు. ఇంటర్నెట్‌ని ముంచెత్తిన మొదటి పెద్ద వ్యాపార స్పామ్ వలసపోయేవాళ్ళ ఆశ మీద వేసిన గాలం అన్న సంగతి, దేశం దాటి వచ్చిన మనలాంటి వాళ్ళం గుర్తు పెట్టుకోదగ్గది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఎర మారలేదు. గ్రీన్ కార్డు బదులు "ఫ్రీ వీసా" అంటున్నారు, అంతే.

ఇహ ఫిల్టరు సంగతి. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామరు, స్పామ్‌ని పట్టుకోవడానికి పద్దెనిమిదో శతాబ్దపు మతాచార్యుడు థామస్ బేస్ సూత్రాన్ని వాడటం గురించి ఒక వ్యాసం రాశాడు. అలాంటి ప్రయత్నాలు అంతకుముందూ ఉన్నాయి కానీ, ప్రోగ్రామర్లందరి నోటా పడింది ఈయన పద్ధతే. ముందుగా కొన్ని వేల మంచి ఉత్తరాలు ఒక కుప్ప, కొన్ని వేల చెత్త ఉత్తరాలు ఒక కుప్ప పొయ్యాలి. ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ప్రతి మాటకీ సున్నాకీ ఒకటికీ మధ్య ఒక మార్కు వెయ్యాలి. కొత్త ఉత్తరం రాగానే, మార్కు 0.5కి అందరికంటే ఎడంగా ఉన్న 15 మాటలు ఏరి, వాటిని కలిపి తీర్పు చెప్పాలి.

అందులో రెండు చిన్న విషయాలు నాకు చాలా ఇష్టం. ఒకటి, మంచి కుప్పలో దొరికిన మాటల లెక్కని ఆయన రెట్టింపు చేశాడు. చెత్త నాలుగు ఎక్కువ వచ్చినా ఫరవాలేదు, మంచి ఉత్తరం ఒక్కటీ పోకూడదని. రెండు, ఇదివరకెన్నడూ చూడని మాటకి 0.4 మార్కు ఇచ్చాడు. అంటే, తెలియని మాట బహుశా నిర్దోషి అని. ఈ రెండూ గణితం చెప్పిన అంకెలు కావు. ఆయన వాడి చూసి ఎంచుకున్నవి. ఆ ఎంపిక వెనక ఏ తప్పు ఎక్కువ బాధాకరమో ఒక అభిప్రాయం ఉంది. ఏ ఫిల్టరు లోపలికి తొంగిచూసినా ఇలాంటి అంకెలు కనబడతాయి. ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరి న్యాయాన్యాయ విచక్షణ ఉంటుంది. "కంప్యూటర్ అలా చెప్పింది" అనేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

ఇప్పుడు ఈ యంత్రంలోకి మన మెసేజి ఒకటి వేసి చూద్దాం. కువైట్లో తెలుగువాళ్ళు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాస్తారు. "అక్కా, ఏజెంటు అర్జెంటు వీసా అని పాసుపోర్టు తీసుకున్నాడు, నాలుగు నెలల నుంచి జీతం లేదు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని ఎవరో అలా రాశారనుకోండి. ఇంగ్లీషు ఉత్తరాల మీద శిక్షణ పొందిన ఫిల్టరుకి ఇందులో "అక్క" తెలియదు, "నెలలు" తెలియదు, "జీతం" తెలియదు. అవన్నీ 0.4 దగ్గర నోరు మెదపకుండా కూర్చుంటాయి. దానికి తెలిసినవి ఏజెంటు, అర్జెంటు, వీసా, పాసుపోర్టు, ఒక ఫోన్ నంబరు. సరిగ్గా మోసగాళ్ళ సరుకే! మొర అంతా తెలుగులో ఉంది, అనుమానం అంతా ఇంగ్లీషులో ఉంది. పైగా మన భాషలో "పంపండి", "పంపించండి", "పంపగలరు", "పంపితే" అన్నీ యంత్రానికి వేరువేరు మాటలు. వీటన్నిటినీ నేర్పాలంటే ఇంగ్లీషుకి పోసినదానికంటే ఎక్కువ తెలుగు పొయ్యాలి. పోసింది మాత్రం తక్కువ.

ఇప్పటి ఫిల్టర్లు అంత అమాయకంగా లేవు, నిజమే. పది భాషలు కలిపి నేర్చుకున్నవి వచ్చాయి. కానీ చాట్‌లో మరో చిక్కు ఉంది. ఈమెయిల్ ఫిల్టరు అనుమానం వచ్చిన ఉత్తరాన్ని స్పామ్ ఫోల్డర్లో పడేస్తుంది. తీరిక దొరికినప్పుడు తెరిచి చూడవచ్చు. చాట్ సర్వర్లలో చాలాకాలం అలాంటి గది లేదు. చేరవేయడమో, పారవేయడమో. 1999లో జెరెమీ మిల్లర్ లోకానికి పరిచయం చేసిన జాబర్ పద్ధతినే చూడండి. 2004లో ఎక్స్‌ఎంపీపీ పేరుతో ప్రమాణమైంది. దాని అందమంతా, ఎవరి సర్వరు వారు పెట్టుకుని ఎవరితోనైనా మాట్లాడగలగడం. స్పామర్లకీ సరిగ్గా అదే నచ్చింది. 2013 ఆరంభంలో గూగుల్ టాక్, స్పామ్ బాధ పడలేక, బయటి సర్వర్ల నుంచి వచ్చే కొత్త పరిచయ అభ్యర్థనలని తనవాళ్ళకి చేరనివ్వడం మానేసింది. ఈజాబర్డీ అనే సర్వరు సాఫ్ట్‌వేర్లో ఒక విభాగం పేరే "అపరిచితులని అడ్డుకొనుట" అన్న అర్థంలో ఉంటుంది. మీ పరిచయాల జాబితాలో లేనివాడి మెసేజి మీదాకా రాదు. స్పామ్ దాదాపు పూర్తిగా పోతుంది. పనివాడిగా నాకది హాయి. కానీ, సాయం అడిగేవాడెవడైనా మొట్టమొదట అపరిచితుడేగా?

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. 2016 ఏప్రిల్ నాటికి వాట్సాప్ మెసేజీలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి గుప్తలిపిలోకి మారాయి. మధ్యలో సర్వరు చదవలేదు. చాలా మంచిది. కానీ చదవలేనప్పుడు స్పామ్‌ని గుర్తుపట్టేది ఎలా? నడవడిని బట్టి. ఖాతా తెరిచి ఎన్ని గంటలైంది? ముఖపరిచయం లేని ఎంతమందికి పంపింది? తిరిగి జవాబులు వచ్చాయా? నెలకి ఇరవై లక్షల ఖాతాలని మూసేస్తున్నామని, వాటిలో 75 శాతం పైగా ఎవరూ ఫిర్యాదు చెయ్యకముందే పట్టుకున్నవని 2019 ఫిబ్రవరిలో వాట్సాప్ చెప్పింది. 2021లో ఒక్క ఇండియాలోనే, మే 15 నుంచి జూన్ 15 దాకా, ఒక నెలలో ఇరవై లక్షలు దాటాయి. వీటిలో అత్యధికం నిజంగా చెత్తే. నాకా విషయంలో సందేహం లేదు.

కానీ ఒకావిడని ఊహించుకోండి. రాజంపేట వైపు పల్లె నుంచో, గోదావరి జిల్లాల నుంచో ఇంటిపనికి ఖాదిం వీసా మీద కువైట్ వచ్చింది. పాసుపోర్టు యజమాని దగ్గర ఉంది. అలా ఉంచుకోకూడదని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతుంది, అయినా ఉంది. ఫోను లాక్కున్నారు. ఎవరో దయతలిచి ఒక పాత ఫోను, కొత్త సిమ్ము ఇచ్చారు. ఆమెకి గుర్తున్న నంబర్లు రెండు. మిగతావి ఎవరో కాగితం మీద రాసిచ్చిన తెలుగువాళ్ళవి. ఆమె ఏం చేస్తుంది? కొత్త ఖాతా తెరుస్తుంది, ఒకే మొరని ముఖం తెలియని ముప్ఫై మందికి పంపుతుంది. నడవడి చూసే ఫిల్టరు కంటికి ఆమెకీ స్పామర్‌కీ తేడా ఏమిటి? ఏమీ లేదు.

ఇప్పుడు వీసా మోసగాడిని చూడండి. వాడి ఖాతా పాతది. ఎవరి బావమరిదో వాడిని ఊరి గ్రూపులో చేర్చాడు. పండగలకి శుభాకాంక్షలు పెడతాడు, అందరూ దణ్ణాల బొమ్మలు తిరిగి పెడతారు. ఏ కొలబద్దతో చూసినా వాడు పెద్దమనిషే. 2019 అక్టోబరు చివర్లో బీబీసీ అరబిక్ విభాగం బయటపెట్టిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. కువైట్లో ఇంటిపనివాళ్ళని ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, ఒక అమ్మకాల యాప్‌లోనూ ఫోటోలు, ధరలు పెట్టి చేతులు మార్చేవారు. ఆ కథనం వచ్చాక ఇక్కడి అధికారులు కొందరిని పిలిపించి ప్రకటనలు తీయించారు. అంతవరకూ అవి అక్కడే ఉన్నాయి. ఎందుకుండవు? శుభ్రమైన భాష, మంచి ఫోటో, చూసి అడిగే జనం. వాటిలో స్పామ్ లక్షణం ఒక్కటీ లేదు. ఫిల్టరు మర్యాదని కొలుస్తుంది. మర్యాదా ధర్మమూ ఒకటి కావు. స్థిరపడ్డవాడికి మర్యాద సులువు, దిక్కులేనివాడికి అదే కష్టం.

"వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు కదా, అన్నీ వదిలెయ్యి" అంటారేమో. మన సినిమా కోర్టుల్లో ఇది గొప్పగా పేలుతుంది కానీ ఇక్కడ అంత తేలిగ్గా అమరదు. తప్పించుకున్న మెసేజికీ బాధితులుంటారు. 2018 వేసవిలో పిల్లలని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వదంతులు వాట్సాప్‌లో రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్నీ వణికించాయి. ఆ జూలైలో హైదరాబాదు నుంచి బీదర్ జిల్లా ముర్కి వైపు వెళ్ళిన మిత్రబృందంలో ఒకరు పిల్లలకి చాక్లెట్లు పంచారు. వదంతి వాళ్ళకంటే ముందు పరిగెత్తింది. ఒక యువ ఇంజనీరుని జనం కొట్టి చంపేశారు. వాళ్ళలో గల్ఫ్ నుంచి వచ్చిన స్నేహితుడూ ఉన్నాడు. అన్నీ వదిలెయ్యండి అనే మాట ఆ తల్లిదండ్రుల ముందు అనగలమా?

అంకెలతో చూసినా చిక్కు విడదు. లెక్క కోసం అనుకుందాం: రోజుకి లక్ష మెసేజీలు, అందులో వెయ్యి చెత్త. ఫిల్టరు వందకి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెబుతుంది. అప్పుడు చెత్తలో 990 పట్టుబడతాయి. మంచి 99,000లోనూ నూటికొకటి చొప్పున 990 పట్టుబడతాయి. అంటే అడ్డుపడినవాటిలో సగం నిర్దోషులే! 99 శాతం అనగానే మనం చప్పట్లు కొడతాం. పంపినవాళ్ళకి అసలు తమ మాట చేరలేదన్న సంగతే తెలియదు. చప్పట్లు కొట్టేది మనం, నష్టపోయేది వాళ్ళు.

నాకు తోచే జవాబు ఇక్కడే మొదలవుతుంది. మెసేజిని ఆపడం ఒక పని. ఆపిన సంగతి దాచడం ఇంకో పని. మనం రెంటినీ కలిపేసి ఫిల్టరింగ్ అంటున్నాం. మొదటిది కొన్నిసార్లు తప్పదు. రెండోది మాత్రం నా దృష్టిలో ఎప్పుడో అరుదుగా తప్ప ధర్మం కాదు. తలుపు తియ్యలేదని తెలిసినవాడు పక్కింటికి వెళతాడు. తన మాట చేరిందనుకున్నవాడు ఆ గుమ్మం దగ్గరే ఎదురుచూస్తూ ఉండిపోతాడు. పైన చెప్పిన ఆవిడకి "మీ మెసేజి వెళ్ళలేదు" అని ఒక్క వాక్యం కనబడితే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ వాక్యం కనబడకపోతే, ముప్ఫై మంది తెలుగువాళ్ళు తన మొర చదివి కూడా పలకలేదనుకుంటుంది. పోయింది మెసేజి ఒక్కటే కాదు, మనుషుల మీద నమ్మకం కూడా.

నా తోటివాళ్ళు దీనికి ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. "ఆపామని చెబితే స్పామరు నేర్చుకుంటాడు. ఏ మాట మారిస్తే దాటిపోతుందో పరీక్షించి చూసుకుంటాడు." నిజం. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఎందుకు ఆపామో చెప్పక్కరలేదు, ఆపామని చెబితే చాలు. స్పామరు ఎలాగూ రెండు దొంగ ఖాతాలు పెట్టుకుని తన మెసేజి చేరిందో లేదో ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపి చూసుకుంటూనే ఉంటాడు. వాడికి మన మౌనం వల్ల పెద్ద నష్టమేమీ లేదు. మౌనం పూర్తిగా పనిచేసేది అమాయకుల మీదే. ఇండియాలో 2021 ఐటీ నియమాలు పెద్ద సంస్థలకి ఇలాంటిదే ఒకటి విధించాయి. తమంతట తాము ఏదైనా తీసేస్తే, కారణం చెప్పి, పెట్టినవాడికి వాదించుకునే అవకాశం ఇవ్వాలని. ఆ నియమాల్లో మిగతా వాటితో నాకు తగాదాలున్నా, ఈ ఒక్కటి న్యాయమే.

మన పాత ఇళ్ళకి అరుగులుండేవి. అపరిచితుడికి ఇంట్లోకి రానిచ్చేవారు కారు, కానీ అరుగు మీద కూర్చోనిచ్చేవారు. ఎవరు, ఏ ఊరు, ఏం పని అని అడిగి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు తేల్చేవారు లోపలికో, బయటికో. కువైటీల దివానియా కూడా దాదాపు ఇలాంటిదే. అంతఃపురం వేరు, వచ్చినవాళ్ళు కూర్చునే చావడి వేరు. అరుగు గొప్పదని ముచ్చట పడి ఊరుకోలేను. మన ఊళ్ళలో అరుగు దాకా కూడా రానివ్వని మనుషులుండేవారు. వాళ్ళని ఆపింది వాళ్ళు చేసిన పనిని చూసి కాదు, పుట్టుకని చూసి. ఏ దేశం నంబరు, ఏ సర్వరు, ఎన్నాళ్ళ ఖాతా అని చూసి మనిషి నోరు తెరవకముందే తీర్పు చెప్పే ఫిల్టరుని చూస్తే నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. కనక ఇప్పుడు కట్టే అరుగు అందరికీ ఉండాలి.

ఇది ఊహాలోకపు మాటేమీ కాదు. ఇన్‌స్టాగ్రామ్, సిగ్నల్ వంటివి అపరిచితుల మెసేజిని విడిగా అభ్యర్థనగా చూపిస్తాయి. అదీ ఒక అరుగే. 2018 జూలైలో ఆ హత్యల తర్వాత వాట్సాప్ ఇండియాలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చోట్లకి మించి ఫార్వర్డ్ చెయ్యనివ్వడం ఆపింది. 2019 జనవరిలో అది లోకమంతటికీ వచ్చింది. 2020 ఏప్రిల్లో, చాలా చేతులు మారిన మెసేజిని ఒకేసారి ఒక్క చోటికే అన్నారు. అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పింది. ఆ పద్ధతిలో నాకు నచ్చినది, అది ఎవరి నోరూ నొక్కలేదు. రాజుకీ పేదకీ ఒకటే హద్దు. అడ్డు తగిలితే తగిలిందని తెలుస్తుంది. వదంతికి వేగమే ప్రాణం కనక దానికి దెబ్బ తగిలింది. మొర మాత్రం నెమ్మదిగానైనా చేరుతుంది.

నేను చూసుకునే సర్వర్లలో ఇప్పుడున్న పద్ధతి ఇది. పరిచయం లేనివాళ్ళ మొదటి మెసేజి లింకులు, బొమ్మలు లేకుండా ఒక చిన్న వాక్యంగా అవతలివాళ్ళకి వెళుతుంది. తీసుకుంటారా లేదా అన్నది వాళ్ళిష్టం. దాన్ని దాటి పంపినవి ఆగుతాయి. ఆగినట్టు పంపినవాళ్ళకి తెలుగు, హిందీ, ఇంగ్లీషు, అరబ్బీల్లో ఒక్క వాక్యం వెళుతుంది. దానికిందే భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఉంటుంది. స్పామరుకి ఆ నంబరుతో పని లేదు. పని ఉన్నవాళ్ళకి అదే పక్కింటి తలుపు.

దీనికో ఖరీదుంది, దాచను. ప్రతి స్పామరుకీ ఒక్క వాక్యం మన గుమ్మం దాకా వచ్చే హక్కు దొరుకుతుంది. అందుకని నా సర్వర్ల మీద ఉన్నవాళ్ళకి వారానికి కొన్ని పనికిమాలిన పలకరింపులు వస్తూనే ఉంటాయి. "నువ్వున్నది ఇవి రాకుండా చూడటానికే కదా" అని చివాట్లు పెడతారు. వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఎయిర్ కండిషనర్ కింద కూర్చుని, చేతిలో రెండు ఫోన్లు, జేబులో బతాకా ఉన్న మనకి ఒక చెత్త మెసేజి ఖరీదు మూడు క్షణాలు, ఒక వేలి కదలిక. ఆగిపోయిన మెసేజి ఖరీదు ఎంతో అది పంపినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. రెండు తప్పుల్లో ఒకటి జరగక తప్పనప్పుడు, ఆ భారం మొయ్యగలిగినవాళ్ళ మీద పడేలా అంకెలు సరిచెయ్యడం నా ఉద్యోగం అనుకుంటున్నాను. మిగతాది మీ చేతిలో ఉంది. ఈసారి తెలియని నంబరు నుంచి వచ్చీరాని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజి వస్తే, చెరిపేసే ముందు ఒక్కసారి చివరిదాకా చదవండి.